ఎదిగే వయసు కథను తెలుగులో గ్రాఫిక్ నవలగా గీయడం: నోటు పుస్తకం నుంచి ప్రూఫు దాకా

ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు చదివే గ్రాఫిక్ నవలను, అంటే బొమ్మల్లో సాగే నవలను, మంత్రాలూ రాక్షసులూ లేకుండా, బడి, ఇల్లు, స్నేహం, మారుతున్న ఒళ్ళు వస్తువుగా తెలుగులో ఎలా గీయాలని అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. వారిలో చెయ్యి తిరిగిన చిత్రకారులున్నారు, కథలు రాసి పేరు తెచ్చుకున్నవారూ ఉన్నారు. ఇద్దరూ దాదాపు ఒకేచోట ఆగిపోతున్నారు: ఇరవై ముప్ఫై పేజీలు గీశాక అక్షరాలకు చోటు చాలదు, లేదా కథ పెద్దవాళ్ళ ఉపన్యాసంలా తయారవుతుంది.

ఈ రెండింటికీ మందు పని క్రమంలోనే ఉంది. దానికి ముందు ఒక సూత్రం మనసులో పెట్టుకోవాలి. పెద్దలకు చిన్నదిగా తోచే విషయం ఆ వయసు పిల్లలకు ఎంత పెద్దదో, పేజీ మీద దానికి అంత చోటు ఇవ్వాలి. కింద చెప్పే ప్రతి మెట్టూ ఆ చోటును కాపాడటానికే ఉంది.

1. గీత గీయక ముందు తేల్చుకోవలసినవి

మొదట పుస్తకం కొలత తేలాలి. తెలుగు పుస్తకాలకు మామూలుగా వాడే డెమీ 1/8, అంటే సుమారు 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తు, ఈ రకం నవలకు చక్కగా సరిపోతుంది. పిల్లల చేతిలో ఇముడుతుంది, పేజీకి నాలుగు నుంచి ఆరు గడులు, అంటే ఒక్కో బొమ్మకు గీసే చట్రాలు, పడతాయి.

కాగితం మీద గీసేవారు అచ్చు కొలతకు ఒకటిన్నర రెట్లు పెద్దదిగా గీసి తరువాత తగ్గించుకుంటే గీతలోని చిన్న వణుకులు కనబడవు. అప్పుడు గీసే పేజీ 8.25 అంగుళాల వెడల్పు, 12.75 అంగుళాల ఎత్తు అవుతుంది కాబట్టి ఏ4 కాగితం చాలదు, ఏ3 కొనుక్కోవాలి.

పేజీల సంఖ్యను ఫారాల లెక్కలో, అంటే పదహారు చొప్పున వేసుకోవాలి. అమెరికాలో ఈ వయసువారికి వచ్చే గ్రాఫిక్ నవలలు చాలావరకు రెండు వందల పేజీలు దాటుతాయి. మొదటి పుస్తకానికి ఆ లెక్క పెట్టుకోవద్దు. నాలుగు ఫారాలు, అంటే 64 పేజీలు చాలు. లోపలి శీర్షిక, ముద్రణ వివరాలు వంటివాటికి నాలుగు పోతే కథకు 60 మిగులుతాయి. వారానికి మూడు పేజీల చొప్పున చేసినా ఇరవై వారాల పని.

చేతికింద ఉంచుకోవలసినవి:

- ఒక రూళ్ళ నోటు పుస్తకం, ఒక తెల్లకాగితాల పుస్తకం
- కథ జరిగే సంవత్సరపు బడి క్యాలెండరు
- తరగతి గది, మెట్లు, కుళాయిలు, సైకిళ్ళ స్టాండు, ప్రార్థన జరిగే ఆవరణల ఫొటోలు. ప్రధానోపాధ్యాయుల అనుమతితో, బడి వదిలిన తరువాత, పిల్లల ముఖాలు పడకుండా తీసినవి
- ఒక తెలుగు యూనికోడ్ ఫాంటు (ఏ కంప్యూటరులోనైనా చదవగలిగే అక్షర సంకేతాలతో పనిచేసేది), దాన్ని సరిగ్గా చూపించే సాఫ్ట్‌వేర్
- చదివి చూడటానికి ఒప్పుకున్న ఐదారుగురు పిల్లలు, వారి తల్లిదండ్రుల అంగీకారం

చివరిది చాలామంది పుస్తకం అయిపోయాక వెతుక్కుంటారు. అప్పటికి ఆలస్యమవుతుంది.

2. కథకు ఒకే ఒక ఇబ్బందిని ఎంచుకోవడం

నోటు పుస్తకంలో మీకు పదకొండు నుంచి పదమూడేళ్ళ మధ్య జరిగిన ఇరవై సంఘటనలు రాయండి. ప్రతిదానికీ ఎదురుగా మూడు విషయాలు నింపండి: ఆ క్షణంలో మీ చేతిలో ఏముంది, పక్కన ఎవరున్నారు, ఆ సిగ్గో భయమో ఒంట్లో ఎక్కడ తెలిసింది. ఈ మూడూ నింపలేని సంఘటన మీకు నిజంగా గుర్తున్నది కాదు, తరువాత ఎవరో చెప్పగా విన్నది. దాన్ని కొట్టేయండి.

మిగిలిన వాటిలో కంటికి కనబడే లేదా చెవికి వినబడే ఇబ్బందిని ఎంచుకోవాలి. "చదువుల ఒత్తిడి" గీయడానికి పనికిరాదు. ఎనిమిదో తరగతిలో ప్రాణస్నేహితుడు ఐఐటీ ఫౌండేషన్ సెక్షన్‌కు వెళ్ళిపోవడం, తను పాత సెక్షన్‌లో అదే బెంచీ మీద ఒక్కడే మిగిలిపోవడం గీయవచ్చు. బెంచీ మీది ఖాళీ ప్రతి పేజీలోనూ కనబడుతుంది. అమెరికా చిత్రకారిణి రైనా టెల్గెమైర్ 2010లో తెచ్చిన గ్రాఫిక్ నవల 'స్మైల్' ఆరో తరగతిలో కిందపడి ముందు పళ్ళు రెండు దెబ్బతిన్న అమ్మాయి కథ. ఆ పళ్ళ వైద్యమే ఏళ్ళ తరబడి సాగే కథకు దారంగా నిలిచింది. స్నేహాలు, సిగ్గు, మొదటి ఇష్టాలు అన్నీ ఆ ఒక్క దారానికే గుచ్చుకున్నాయి. మీ కథకూ అలాంటి దారం ఒకటి కావాలి, ఒకటే కావాలి.

ఈ మార్గదర్శిలో ఉదాహరణగా నేను కల్పించిన కథను వాడతాను. చరణ్ గుంటూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. రెండేళ్ళుగా రోజూ ఉదయం మైకు ముందు నిలబడి బడి మొత్తానికీ ప్రతిజ్ఞ చెప్పించేది అతనే. వేసవి సెలవుల్లో అతని గొంతు మారింది. ఇబ్బంది ఇంతే. ఇంట్లో ఎవరికీ ఇది సమస్యగా కనబడదు. చరణ్‌కు ఆ సంవత్సరమంతా ఇదే సమస్య.

ఒక హెచ్చరిక: మీ జ్ఞాపకం 1990ల నాటిదైతే కథను 1990లలోనే పెట్టండి, లేదా పూర్తిగా ఇప్పటి కాలానికి మార్చండి. ఎస్టీడీ బూతు, వాట్సాప్ గ్రూపు ఒకే పేజీలో ఉంటే పిల్లలు వెంటనే పట్టుకుంటారు.

3. బడి సంవత్సరాన్ని వెన్నెముకగా పెట్టుకోవడం

కథనం అల్లడం రానివారికి ఇది పెద్ద అండ. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ బడులు సాధారణంగా జూన్ 12న తెరుచుకుని ఏప్రిల్ నాలుగో వారం దాకా నడుస్తాయి. మధ్యలో దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, మార్చి సగం నుంచి ఒంటిపూట బడులు. మీ పాఠకులు ఈ కాలచక్రంలోనే బతుకుతున్నారు కాబట్టి వారికి తేదీలు వేసి చెప్పనక్కరలేదు. ఒక గడిలో తడిసిన గొడుగులు, మరొక గడిలో మధ్యాహ్నం పన్నెండున్నరకు ఇంటికి నడిచే పిల్లలు చాలు.

అరవై పేజీలను ఇలా పంచుకోవచ్చు: బడి తెరిచిన జూన్‌కు 14, జూలై నుంచి దసరా దాకా 18, దసరా నుంచి సంక్రాంతి దాకా 16, ఆ తరువాత 12. చివరి భాగం చిన్నదిగా ఉండాలి. ముగింపును సాగదీసినప్పుడే ఉపదేశం చొరబడుతుంది.

సంవత్సరం గడిచిందని తెలియజేయడానికి ఒక వస్తువును పెంచండి. చరణ్ కథలో అది ప్యాంటు. జూన్‌లో దాని అంచు బూటు మీద పడుతుంది. దసరాకు చీలమండ దగ్గరకు వస్తుంది. సంక్రాంతికి మేజోళ్ళు కనబడతాయి. ఫిబ్రవరిలో వాళ్ళమ్మ మడత విప్పి మళ్ళీ కుడుతుంది. విప్పిన గుడ్డ వెలిసిపోకుండా ఉన్నందువల్ల కింద ముదురు రంగు పట్టీ ఒకటి ఏర్పడుతుంది. ఆ పట్టీ గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. చదివే పిల్లవాడు మాత్రం తన ప్యాంటు వంక చూసుకుంటాడు.

4. పాత్రల పటం: యూనిఫాం తెచ్చే చిక్కు

మన బడి కథలకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. అందరూ ఒకే బట్టల్లో ఉంటారు. రంగును బట్టి, చొక్కాను బట్టి పాత్రను గుర్తుపట్టే వీలు లేదు. అందువల్ల ప్రతి పాత్రనూ నల్లటి నీడలా నింపి చూసి, నీడను బట్టే ఎవరో చెప్పగలిగేదాకా పటాన్ని, అంటే పాత్ర ఎలా ఉంటుందో ముందే గీసిపెట్టుకునే కాగితాన్ని, మారుస్తూ పోవాలి.

మార్చడానికి వీలైనవి: జుట్టు, ఎత్తు, నడక, సంచి మోసే తీరు, కళ్ళజోడు, మడిచిన చేతులు, బూట్లకు బదులు హవాయి చెప్పులు, రెండు జడల రిబ్బన్లలో ఒకటి ఎప్పుడూ జారిపోవడం. ఒక్కో పాత్రకు రెండు గుర్తులు చాలు. నాలుగు పెడితే ప్రతి గడిలోనూ గీయలేక వదిలేస్తారు.

ఒంటి కొలతల్లో రెండు విషయాలు చూసుకోవాలి. ఈ వయసు పిల్లల ఒళ్ళు ఆరు నుంచి ఆరున్నర తలల ఎత్తు ఉంటుంది, పెద్దలది ఏడు నుంచి ఏడున్నర. పెద్దల ఒళ్ళును కుదించి గీస్తే పిల్లలు కారు, మరుగుజ్జుల్లా కనబడతారు. రెండోది, ఏడు ఎనిమిది తరగతుల్లో చాలామంది అమ్మాయిలు అబ్బాయిల కంటే ఎత్తుగా ఉంటారు, ఎందుకంటే వారికి ఎదుగుదల ముందు మొదలవుతుంది. ప్రార్థన వరుసలో ఇది గీసి చూపితే ఆ గడి వెంటనే నిజమనిపిస్తుంది. చరణ్ తరగతిలో హారిక అతనికంటే నాలుగు వేళ్ళు ఎత్తు.

పటంలో ఉండవలసినవి: ముందు, పక్క, ముప్పావు, వెనక రూపాలు, మామూలు, నవ్వు, కోపం, ఏడుపు ఆపుకోవడం, ఏమీ పట్టనట్టు నటించడం అనే ఐదు ముఖాలు, అందరినీ ఒకే గీత మీద నిలబెట్టిన ఎత్తుల వరుస. ఐదో ముఖం మీద ఎక్కువ సమయం పెట్టండి. ఈ వయసు కథల్లో సగం గడులు దానివే.

5. స్క్రిప్టు: గడి గడికీ రాయడం

కథను వచనంలో రాసుకుని నేరుగా గీయడం మొదలుపెట్టకండి. ప్రతి పేజీకీ గడులు, ప్రతి గడిలో కనబడేది, వినబడేది విడివిడిగా రాయాలి. తెలుగు పుస్తకంలో బేసి సంఖ్య పేజీ కుడివైపు వస్తుంది కాబట్టి పాఠకుడు ఎదురుచూసే విషయాన్ని సరి సంఖ్య పేజీలో, అంటే పేజీ తిప్పగానే కనబడేలా పెట్టుకోవాలి.

చరణ్ కథలో తొమ్మిది, పది పేజీలు ఇలా ఉంటాయి.

పేజీ 9
- గడి 1, పూర్తి వెడల్పు: పైనుంచి బడి ఆవరణ, వరుసలు, జెండా దిమ్మె. మాటలు లేవు.
- గడి 2: పీఈటీ సార్ మైకును వేలితో తడుతున్నారు. శబ్దం: టక్ టక్.
- గడి 3: వరుసలో నాగూర్, చరణ్ వీపు మీద చెయ్యి వేసి. నాగూర్: "నీదేరా, పో."
- గడి 4: మెట్లెక్కుతున్న బూట్లు, వాటి మీద పడుతున్న ప్యాంటు అంచు. మాటలు లేవు.
- గడి 5: మైకు, తెరుచుకుంటున్న నోరు, చాలా దగ్గర నుంచి. మాటలు లేవు.

పేజీ 10
- గడి 1, సగం పేజీ: చరణ్ అడుగున చిన్నగా. ప్రతిజ్ఞలోని మొదటి మాట పైన పెద్దగా. "భా", "ర", "త" ఒకే వరుసలో ఉంటాయి; "దే" పైకి ఎగిరి సన్నబడుతుంది; "శం" కిందికి పడి లావెక్కుతుంది.
- గడి 2: ఏడో తరగతి వరుస. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న నలుగురు.
- గడి 3: హారిక నవ్వడం లేదు, నేల చూస్తోంది.
- గడి 4, పేజీలో అన్నిటికన్నా చిన్నది: పీఈటీ సార్. "జలుబు చేసిందేంట్రా? కానీ, కానీ."

గడుల కొలతలు గమనించండి. గొంతు విరిగిన క్షణానికి సగం పేజీ, సార్ మాటకు అగ్గిపెట్టె అంత చోటు. సార్ చెడ్డవారు కారు. ఆయన దృష్టిలో అది జలుబే. చరణ్ లోపల ఏం జరిగిందో రాయకుండానే పాఠకుడికి తెలియాలంటే ఈ కొలతల తేడాయే దారి. ఇక్కడ "చరణ్‌కు ఎంతో సిగ్గుగా అనిపించింది" అన్న వాక్యం చేర్చారో, సగం పేజీ వృథా అయినట్టే.

సంభాషణలను ఆ ఊరి పిల్లలు మాట్లాడినట్టే రాయాలి. మొదటి ప్రతిలో చాలామంది ఇలా రాస్తారు: "సార్, నా స్వరంలో మార్పు వచ్చినందున ఇకపై నేను ప్రతిజ్ఞ చెప్పించలేను." ఏ పిల్లవాడూ ఇలా అనడు. అసలు కారణాన్ని దాచుకోవడమే అతని పని. "సార్, రేపట్నించి నాగూర్ చెప్తాడంట సార్" అంటాడు. నాగూర్‌కు ఆ సంగతి తెలియదు. ఇక్కడ ఒక్క వాక్యంలో అబద్ధం, సిగ్గు, రేపటి గొడవ మూడూ ఉన్నాయి.

ఒక ప్రాంతపు మాట ఎంచుకున్నాక చివరిదాకా అదే ఉండాలి. గుంటూరు పిల్లవాడు ఒక పేజీలో "ఏందిరా" అని, మరొక పేజీలో పుస్తకాల తెలుగు మాట్లాడితే రెండూ అబద్ధమవుతాయి. పాలమూరు కథైతే అక్కడి మాట, శ్రీకాకుళం కథైతే అక్కడి మాట. మీకు రాని మాండలికాన్ని అనుకరించకండి. వచ్చినవారిచేత చదివించి దిద్దించుకోండి. ప్రభుత్వ బడిలో "టీచర్", "సార్", చాలా ప్రైవేటు బడుల్లో "మేడమ్", "మిస్" అనే తేడా కూడా చూసుకోవాలి.

6. చిన్న నమూనాలు

గ్రాఫిక్ నవలకారులు థంబ్‌నెయిల్స్ అనేవి ఇవే. ప్రతి పేజీనీ అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద కొలతలో, పుల్లల్లాంటి మనుషులతో, పది నిమిషాలకు మించకుండా గీయాలి. ఎదురెదురు పేజీలను జంటలుగా అంటించి, అరవై పేజీలనూ గోడ మీద ఒక్కసారిగా చూడాలి. అప్పుడే వరుసగా ఆరు పేజీలు మాట్లాడే తలకాయలతో నిండిపోయిన సంగతి తెలుస్తుంది.

చదివే క్రమం ఇక్కడే సరిచూడాలి. ఎడమవైపు ఒకదాని కింద ఒకటి రెండు గడులు, కుడివైపు వాటి ఎత్తున ఒకే పొడవాటి గడి పెడితే, బొమ్మల కథలు అలవాటు లేని పిల్లలు పై గడి నుంచి కుడికి వెళ్ళిపోయి కింది గడిని వదిలేస్తారు. మన పాఠకుల్లో చాలామందికి ఇదే మొదటి గ్రాఫిక్ నవల అవుతుంది కాబట్టి మొదటి పదిహేను పేజీల్లో అడ్డ వరుసలే వాడండి.

7. అక్షరాలు ముందు, బొమ్మ తరువాత

ఈ మెట్టు మీద ఎక్కువ చెబుతాను, ఎందుకంటే తెలుగులో పుస్తకాలు పాడయ్యేది ఇక్కడే. నా మొదటి ప్రయత్నంలో నేను బొమ్మలన్నీ పూర్తి చేసి, మాటలు పెట్టే బుడగలకు చోటు కంటి అంచనాతో వదిలి, పేజీలను డీటీపీ చేసేవారి, అంటే కంప్యూటరులో అక్షరాలు కూర్చేవారి, చేతికిచ్చాను. మాటలు పట్టాలంటే అక్షరాన్ని ఎనిమిది పాయింట్లకు తగ్గించాలని తేలింది. ఆ అక్షరం పన్నెండేళ్ళ పిల్లలు హాయిగా చదివేది కాదు. ఇరవై రెండు పేజీలు మళ్ళీ గీశాను. అది మీకు జరగకూడదు.

ఇంగ్లిష్ కామిక్స్‌లో చాలావరకు పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలే కాబట్టి వరుసలు దగ్గరదగ్గరగా పేర్చవచ్చు. తెలుగు అక్షరానికి పైన గుడులు, ఏత్వాలు, కింద ఒత్తులు, ఒక్కోసారి ఒత్తు కింద ఒత్తు. వరుసల మధ్య దూరం అక్షరం కొలతకు ఒకటిన్నర రెట్లు లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను తగులుతాయి. మూడు వరుసల ఇంగ్లిష్ బుడగకు సరిపోయే ఎత్తులో తెలుగు రెండు వరుసలే పడుతుంది.

వెడల్పు సంగతీ అంతే. డెమీ పేజీలో రెండువైపులా అర అంగుళం వదిలితే మిగిలేది 4.5 అంగుళాలు. ఒక వరుసలో మూడు గడులు పెడితే ఒక్కోదానికి 1.4 అంగుళాలు వస్తుంది. 11 పాయింట్ల అక్షరంతో, బుడగ అంచులు పోగా, ఒక వరుసలో ఎనిమిది తొమ్మిది అక్షరాలకు మించి పట్టవు. "చెప్పలేకపోయాననుకుంటున్నాడు" వంటి మాట ఒక్కటే ఆ గడిని మింగేస్తుంది. అందువల్ల మూడు గడుల వరుసను మౌనానికి, ఒక్క మాట జవాబులకు వాడుకోవాలి; మాటలున్నచోట వరుసకు రెండు గడులే.

నేను ఇప్పుడు పాటించే పద్ధతి ఇది:

- పేజీలోని మాటలన్నీ టైపు చేసి అచ్చు తీస్తాను. అచ్చులో 11 పాయింట్లు రావాలంటే ఒకటిన్నర రెట్ల పేజీ మీద 16.5 పాయింట్లు కావాలి.
- ఒక్కో బుడగ మాటలను కత్తెరతో కత్తిరించి, ఖాళీ గడుల్లో పైభాగాన, చదివే క్రమంలో తేలికగా అంటిస్తాను.
- చుట్టూ కనీసం అర సెంటీమీటరు వదిలి బుడగ గీస్తాను.
- మిగిలిన చోటులోనే మనుషులను గీస్తాను. చోటు చాలకపోతే బొమ్మను కాదు, మాటను తగ్గిస్తాను.

ఒక బుడగలో పన్నెండు మాటలు, ఒక పేజీలో అరవై మాటలు దాటకుండా చూసుకోండి. వరుస చివర మాటను ఎక్కడపడితే అక్కడ విరవకండి.

ఫాంటు విషయంలో, డీటీపీ కేంద్రాల్లో అలవాటైన, యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేయిస్తే అచ్చుకు ఇబ్బంది ఉండదు గానీ, రేపు ఈ-పుస్తకం చేయాలన్నా, ఒక మాట వెతకాలన్నా, మరొక సాఫ్ట్‌వేర్‌లో తెరవాలన్నా చిక్కే. యూనికోడ్‌లోనే పని చేయండి. ఉచితంగా దొరికేవాటిలో మండలి సంభాషణలకు స్పష్టంగా ఉంటుంది, చేతిరాత ఛాయ కావాలంటే లక్కిరెడ్డి ఉంది, అరుపులకు రామభద్ర లావు సరిపోతుంది. ఇన్‌డిజైన్ వాడేవారు పేరాగ్రాఫు కంపోజరును వరల్డ్ రెడీకి మార్చుకోవాలి, లేకపోతే ఒత్తులు విడిపోతాయి. ఇంక్‌స్కేప్ ఉచితం, తెలుగును సరిగ్గానే చూపుతుంది. ఏ సాఫ్ట్‌వేర్ అయినా మొదట "స్త్రీ, రాష్ట్రం, సామర్థ్యం, జ్యోత్స్న" అని కొట్టి చూడండి. ఈ నాలుగూ సరిగ్గా వస్తే మిగతావాటికి భయం లేదు.

అక్షరమే కథ చెప్పగలదు. సీసీ బెల్ 2014 నాటి 'ఎల్ డెఫో' వినికిడి కోల్పోయిన అమ్మాయి కథ. అందులో వినికిడి యంత్రం బ్యాటరీ అయిపోతున్నప్పుడు బుడగలోని అక్షరాలు క్రమంగా వెలిసిపోతాయి. ఆ అమ్మాయికి ఎంత వినబడుతోందో మనకు అంతే కనబడుతుంది. చరణ్ గొంతు విరగడాన్ని అక్షరం కొలత మార్చి చూపుతున్నాం. అయితే తెలుగులో ఇలా చేసేటప్పుడు పూర్తి అక్షరాన్నే కదపాలి. "దే" లోని ఏత్వాన్ని ఒకవైపు, దకారాన్ని మరోవైపు జరిపితే చదవడం కష్టమవుతుంది. గంట గణగణ, మైకు టక్ టక్ వంటి శబ్దాలను టైపు చేయకుండా చేత్తో బొమ్మలో భాగంగా గీయండి.

8. పెన్సిలు, ఇంకు, రంగు

దీనిపై పుస్తకాలూ వీడియోలూ కొల్లలుగా ఉన్నాయి కాబట్టి మూడు మాటలతో సరిపెడతాను. పేజీ వరుసలో కాక, ఒకే చోట జరిగే సన్నివేశాలన్నీ కలిపి పెన్సిలు వేస్తే తరగతి గది కిటికీలు తారుమారు కావు. గీత నలుపు తెలుపు పేజీలను 600 డీపీఐలో (అంగుళానికి అన్ని చుక్కల చొప్పున), రంగు పేజీలను 300 డీపీఐలో స్కాను చేయాలి. రంగుకు డబ్బు చాలకపోతే నలుపుతోపాటు ఒకే అదనపు రంగు పెట్టుకోవచ్చు. పుస్తకం బీదగా కనబడదు. జెర్రీ క్రాఫ్ట్ 2019లో తెచ్చిన 'న్యూ కిడ్', 2020లో అమెరికాలో బాలసాహిత్యానికిచ్చే న్యూబెరీ పతకం గెలిచిన మొదటి గ్రాఫిక్ నవల, రంగుల పుస్తకమే అయినా కథానాయకుడి స్కెచ్ పుస్తకపు పేజీలను నలుపు తెలుపులోనే ఉంచింది. ఎవరి చూపు ఎక్కడ మొదలవుతుందో పాఠకుడికి దానివల్లే తెలుస్తుంది.

9. సున్నితమైన విషయాలు గీసేటప్పుడు

ఒళ్ళు మారడం, ఏడిపించడం, కులం పేరుతో దూరం పెట్టడం, ఇంట్లో తాగుడు, పరీక్ష తప్పడం ఈ వయసు కథల్లోకి రావాలి. వీటిని దాటవేస్తే పుస్తకం వాస్తవం కాదు. గీసే తీరులో జాగ్రత్త కావాలి.

ఒక ఉదాహరణ. పెద్దమనిషైన అమ్మాయికి ఇంట్లో ఫంక్షన్ చేసి, ఆమె ఫొటోతో ఫ్లెక్సీ వేయించి వీధి మొదట్లో కట్టారనుకోండి. మర్నాడు బడికి వెళ్ళాలంటే ఆ ఫ్లెక్సీ కిందుగానే వెళ్ళాలి. తరగతిలోని అబ్బాయిలూ అదే దారి. ఈ సన్నివేశంలో మన చూపు ఆ అమ్మాయి కళ్ళ ఎత్తులో ఉండాలి. ఆమెకు కనబడేది గీయాలి: పైన గాలికి కొట్టుకుంటున్న తన ముఖం, ఎదురుగా ఆగిన రెండు సైకిళ్ళు. ఆమె ఒంటిని బయటి నుంచి చూపించే గడి ఒక్కటి కూడా అక్కరలేదు. పెద్దవాళ్ళను దుర్మార్గులుగానూ గీయకూడదు. వాళ్ళ ముచ్చట వాళ్ళకు నిజమే, ఆమె ఇబ్బంది ఆమెకు నిజమే.

వైద్యానికీ ఒంటికీ సంబంధించిన విషయాలను తెలిసిన డాక్టరుకో నర్సుకో చూపించి సరిచూసుకోండి. కథ మీ జీవితంలోదే అయినా తోటివారి పేర్లు, ఊరు, పోలికలు మార్చండి. మీ కథ చెప్పుకునే హక్కు మీదే, వాళ్ళ కథ మీద హక్కు వాళ్ళది.

10. పిల్లలతో చదివించి చూడటం

పెన్సిలు దశలో, ఇంకు వేయక ముందు, పిల్లలకు జిరాక్సు ప్రతులు ఇవ్వండి. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టండి. కథ గురించి ముందుగా ఏమీ చెప్పకండి, మధ్యలో సాయం చేయకండి.

వాళ్ళ వేలు ఎక్కడ ఆగింది, ఏ పేజీ నుంచి వెనక్కి తిరిగారు, ఎక్కడ రెండు పేజీలు ఒకేసారి తిప్పేశారు అన్నవి రాసుకోండి. అయిపోయాక "నచ్చిందా" అని అడగవద్దు. మన ముఖం చూసి నచ్చిందనే అంటారు. "ఏం జరిగిందో చెప్పు" అని అడగండి. చరణ్ నాగూర్ పేరు ఎందుకు చెప్పాడో ఐదుగురిలో ముగ్గురు చెప్పలేకపోతే, వివరించే వాక్యం చేర్చకండి. అంతకు ముందు పేజీలో ఒక గడి తక్కువైందన్నమాట.

11. తరచుగా కనబడే పొరపాట్లు, సరిదిద్దే తీరు

*చివర్లో ఒక పెద్దాయన వచ్చి అన్నీ విడమరిచి చెప్పడం.* ఆ పేజీని తీసేసి చదవండి. కథ నిలబడితే తీసేయడమే మంచిది. నిలబడకపోతే లోపం మధ్యలో ఉంది, అక్కడ వెతకండి.

*ఏడిపించేవాడు ఎప్పుడూ లావుగా, నల్లగా ఉండటం.* ఇది పొరపాటు మాత్రమే కాదు, అదే ఒంటి తీరుతో పుస్తకం పట్టుకున్న పిల్లవాడికి చేసే అన్యాయం. పాత్రల పటానికి తిరిగి వెళ్ళి, అతనికి చేసే పనిని బట్టి గుర్తు పెట్టండి.

*ప్రతి గడిలోనూ ముఖాలే ఉండటం.* పేజీకి ఒక గడిలోనైనా చేతులో, కాళ్ళో, వస్తువో, చోటో చూపించండి.

*భావాన్ని మూడుసార్లు చెప్పడం.* ముఖంలో ఏడుపు, బుడగలో "ఏడుపొస్తోంది", కథకుడి మాటల పెట్టెలో "ఆమె కళ్ళు చెమర్చాయి". మూడింటిలో ఒకటి ఉంచండి, అది సాధారణంగా ముఖమే అవుతుంది.

*సమస్య పూర్తిగా తీరిపోవడం.* చరణ్ పాత గొంతు తిరిగి రాదు. కొత్త గొంతుతో ఫిబ్రవరిలో ఒక ఉదయం వరుసలో నిలబడి, మైకు లేకుండా, అందరితోపాటు ప్రతిజ్ఞ చెబుతాడు. అంత మార్పు చాలు.

12. అచ్చుకు పంపే ముందు

- అంచుదాకా వచ్చే బొమ్మలకు నాలుగువైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా గీశారా
- బుడగలేవీ కుట్టు వైపు మడతలోకి పోవడం లేదు కదా
- రంగు పేజీలు సీఎంవైకే (అచ్చుకు వాడే నాలుగు రంగుల పద్ధతి) లోకి మార్చారా, మార్చాక చర్మపు రంగులు ఎర్రబడలేదు కదా
- పాత్రల పేర్లు అన్ని పేజీల్లోనూ ఒకే వర్ణక్రమంలో ఉన్నాయా
- ప్యాంటు అంచు వంటి పెరిగే వస్తువులు నెలల వరుసలో సరిగ్గా ఉన్నాయా
- మొత్తం పేజీలు 64 ఉన్నాయా

తెర మీద చూసి సంతకం పెట్టకండి. అసలు కొలతలో, అసలు కాగితం మీద కనీసం ఒక ఫారం ప్రూఫు, అంటే సరిచూసుకునే అచ్చు ప్రతి, తీయించుకోండి. దాన్ని సాయంత్రం పూట, ఇంట్లో మామూలు దీపం వెలుతురులో, పదేళ్ళు దాటిన పిల్లలెవరైనా ఒళ్ళో పెట్టుకుని చదువుతుంటే పక్కన కూర్చుని చూడండి. పుస్తకాన్ని కళ్ళకు దగ్గరగా లాక్కున్న ప్రతి పేజీ మూలనూ పెన్సిలుతో ఒక చుక్క పెట్టుకుని, మర్నాడు ఆ పేజీల్లోని మాటలు తగ్గించండి.